నాలుకమ్మ ఐదు కప్పులు

కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఆమెను చూసి "నోట్లో నాలుక లేని పిల్ల" అని జాలిపడింది. ఆ అత్తగారే తర్వాత కోడలు నాలుకతోనే బతుకుతోందని ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది. కొండవాలు కాఫీ రైతుల సంఘం దగ్గర న్యాయమైన ధరకు గింజలు కొనే పెద్ద కంపెనీ ఒకటి, డబ్బు పెట్టి పన్నెండు మందికి కాఫీ రుచి చూసి మార్కులు వేయడం నేర్పించింది. చివరిదాకా నిలబడింది ఈమె ఒక్కతే. అప్పటినుంచి అందరికీ నాలుకమ్మ.

చెంచాతో తీసి, చప్పుడయ్యేలా జుర్రి, నోరంతా తిప్పి ఉమ్మేయాలి. మింగకూడదు. పదకొండేళ్లలో ఆమె చుక్క మింగలేదు. కప్పుల మీద అంకెలే తప్ప పేర్లుండవు కాబట్టి, మొగుడి తోట కాఫీకి రెండుసార్లు తక్కువ మార్కులు వేసింది. తెలిశాక అతను తల పట్టుకుని, "మన గింజకి మన ఇంట్లోనే దిక్కు లేదు" అని పడీ పడీ నవ్వాడు.

అతను పోయి ఆరు వారాలు. ఆమెకు ఏడుపు రాలేదు. రాలేదన్న బాధా లేదు. అన్నం, ఉప్పు, మంచినీళ్లు, ఏది నోట్లో పెట్టుకున్నా ఒకటే. ఎవరికీ చెప్పలేదు. చెబితే రుచి బల్ల ముందు కుర్చీ పోతుంది. పొద్దున్నే లేచి వెళ్లడానికి ఆమెకు మిగిలింది ఆ కుర్చీ ఒక్కటే.

ఈ పొద్దున కంపెనీ మనిషి వచ్చి కూర్చున్నాడు. నీడచెట్లు నాటడానికీ, గింజలు కడిగిన నీళ్లు వాగులో కలవకుండా తొట్టె కట్టడానికీ కంపెనీ సాయం చేస్తుందో లేదో ఈ ఐదు కప్పులే తేల్చాలి. నాలుకమ్మ ఐదూ జుర్రింది, ఐదూ ఉమ్మింది. ఏమీ తెలియలేదు. మంచి మార్కులు గీకేస్తే కాదనేవాడు లేడు. పెన్సిల్ మాత్రం కదలలేదు.

సంఘం పెద్ద ఆమె ఆడపడుచే. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"వదినా, ఇందులో ఒకటి మనది. అన్నయ్య ఆఖరిసారి కోసిన పంట."

"ఏది?"

"అది చెప్పకూడదు కదా!"

నాలుకమ్మ చెంచా పక్కన పెట్టింది. మొదటి కప్పు రెండు చేతులతో ఎత్తి, మడ్డితో సహా తాగేసింది. తర్వాత రెండోది.

"మింగేస్తున్నారేంటమ్మా?" కంపెనీ మనిషి కంగారుగా లేచాడు.

"మార్కులు నన్నడక్కండి బాబూ. ఇంకొకర్ని పిలిపించుకోండి. నా నోట్లో నాలుక లేదు."

ఆడపడుచు హాస్యమనుకుని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకుంది. నాలుకమ్మ మూడోదీ, నాలుగోదీ తాగింది. ఐదోది చల్లారిపోయింది. అదీ వదల్లేదు. ఏది అతనిదో తెలియదు కదా.