సంఘం బియ్యంతో తార్నాక దాకా

"శుక్రవారం మూడింటికి మా గైడు గారికి ఉత్తరం ఇచ్చేసి ఇంటికొచ్చేస్తానమ్మా. ఇక చదవలేను" అని మా అమ్మాయి సునీత గురువారం ఫోన్ చేసింది. తనది హైదరాబాదులో పీహెచ్‌డీ. స్కాలర్‌షిప్పు గడువు అయిపోయింది, థీసిస్ ఇంకా నాలుగు నెలల పని ఉంది. ఇంటి దగ్గర చూస్తే మావారు పాఠాలు చెప్పే చిన్న బడి వేసవిలో మూతపడి జీతం ఆగిపోయింది. దేవుడు పోషిస్తాడని ఊరందరికీ ధైర్యం చెప్పే నేను ఫోన్ పెట్టేసి, చెప్పొద్దూ, కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత కోపం వచ్చింది. మూడింటిలోపు నేనే అక్కడుంటా, ఎలా మానేస్తుందో చూద్దాం అనుకున్నాను.

తెనాలిలో తెల్లవారుజామున ఐదింటికి రైలు. లేచేసరికి కరెంటు లేదు. వంటింటి మూల చీకట్లో తడుముకుని బియ్యం సంచి ఎత్తుకున్నాను. ఆ మూలన రెండు సంచులుంటాయి. ఒకటి మాది, రెండోది మా సంఘానిది, అంటే మా చర్చి ఆడవాళ్ళది. మేమంతా అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో పోసేముందు దేవుడి పేర పిడికెడు బియ్యం తీసి పెడతాం. ఆదివారం అందరివీ కలిపి, నెలాఖరున లేనివాళ్ళ ఇంటికి ఇస్తాం. ఇరవయ్యేళ్ళుగా ఆ సంచికి కాపలా నేనే. అందులో ఒక్క గింజ మా కుండలో పడలేదని నాకు కాస్త గర్వం కూడాను.

జనరల్ పెట్టె కిక్కిరిసి ఉంది. సంచిని సీటు చివర ఇరికించి నేను నిలబడ్డాను. "బియ్యానికి సీటిచ్చి నువ్వు నిలబడతావేంటమ్మా?" అని ఒక గుంటూరావిడ సర్దుకుని చోటిచ్చింది. ఆమె పులిహోర పొట్లమే నా టిఫిను.

పదకొండున్నరకు సికింద్రాబాదులో దిగి మెట్రో ఎక్కబోతే, సంచులు చూసే మిషను దగ్గర ఆపారు.

"ఏమున్నదమ్మా గిందుల?"

"బియ్యం నాయనా, మా అమ్మాయికి."

"హైదరాబాద్‌ల బియ్యం దొర్కయా?"

"బోలెడు దొరుకుతాయి. కొనేవాళ్ళే దొరకట్లేదు."

నవ్వి పొమ్మన్నాడు. టికెట్టు ఇరవై లోపే, రెండో స్టేషనే తార్నాక. బరువుతో వెళ్ళేవాళ్ళు లిఫ్టు ఎక్కడుందో అడగండి. నేను అడక్కుండా మెట్లు దిగితే మోకాళ్ళు పట్టేశాయి.

సునీత, సిద్దిపేట వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న స్వప్న కలిసి ఒక మేడ మీది గదిలో ఉంటారు. నేను చేరేసరికి ఒంటిగంట. బల్ల మీద ఆ ఉత్తరం కవరులో సిద్ధంగా ఉంది. నేను చూడనట్టే ఊరుకుని, ముందు అన్నం తిందామని సంచి విప్పి పళ్ళెంలో పోశాను. సన్నబియ్యం, కోటా బియ్యం, అక్కడక్కడా ఎర్రటి దంపుడు బియ్యం!

"ఓరి నా దేవుడా! సంఘం సంచి తెచ్చేశానే!"

"ఏమైతది ఆంటీ? కుక్కర్ల పెట్టనా?" అంది స్వప్న.

"ముట్టుకోకు తల్లీ, అవి దేవుడివి" అని గబగబా మా పాస్టరు గారి భార్యకు ఫోన్ చేశాను. "అమ్మగారూ, తప్పయిపోయింది" అని జరిగింది చెప్పాను.

ఆవిడ పకపకా నవ్వింది. "మంచి పని చేశావు రత్నమ్మా. ఈ నెల సంచి మీ ఇంటికేనని పోయిన ఆదివారమే అందరం అనుకున్నాం. నీకు చెప్పే ధైర్యం ఎవరికీ లేక చస్తున్నాం. వచ్చే నెలది కూడా మీకే. ఎదురు చెప్పకు."

నన్ను లేనివాళ్ళలో కలిపేశారా అని ముందు రోషం పొడుచుకొచ్చింది. సునీత పళ్ళెంలోకి వంగి, "ఈ లావు బియ్యం మార్తక్కవేనా అమ్మా?" అనడిగింది. అవునన్నాను. మార్తక్క నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది. పోయినేడు ఆమె మంచాన పడితే ఈ సంచినే వాళ్ళింటికి మోసుకెళ్ళింది నేను. ఆరోజు ఆమె కిక్కురుమనకుండా తీసుకుంది. నాకేమొచ్చింది మాయరోగం?

"కుక్కర్ పెట్టు స్వప్నా" అన్నాను.

కొన్ని గింజలు మెత్తగా, కొన్ని పలుకుగా ఉడికాయి. స్వప్న వాళ్ళమ్మ పెట్టిన మామిడి తొక్కుతో ముగ్గురం మారు వడ్డించుకున్నాం. సునీత అంత తినడం నేను చూసి చాలా రోజులైంది.

మూడింటికి ఆటోలో యూనివర్సిటీకి వెళ్ళాం. తను లోపలికి వెళితే నేను డిపార్టుమెంటు మెట్ల మీద కూర్చుని, "ప్రభువా, మానేస్తానని చెప్పడానికి నోరు పెగలనివ్వకు దానికి" అని గొణుక్కుంటూనే ఉన్నాను. అరగంటకు బయటికొచ్చింది.

"ఏం చెప్పావే?"

"నాలుగు నెలల్లో ఇచ్చేస్తానని చెప్పానమ్మా, థీసిస్."

"మరి ఆ ఉత్తరం?"

"వేడి కుక్కర్ దించి దాని మీదే పెట్టాగా. నువ్వు చూళ్ళా?"

చూళ్ళేదు. ఎంత గట్టిగా నవ్వానో, మెట్లెక్కుతున్న పిల్లలు ఆగి చూశారు.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. మావారికి ఫోన్ చేసి, "మూలనున్న మన సంచి చర్చిలో ఇచ్చేయండి" అన్నాను. నా రోషం ఇంకా పూర్తిగా చావలేదు మరి.

"అందులోంచి పొద్దున్నే వండేశాగా" అన్నారాయన.

"పిడికెడు తీసి పెట్టారా?"

"తీయకపోతే నువ్వు బతకనిస్తావా?"

ఖాళీ సంచి మడిచి ఒళ్ళో పెట్టుకుని ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాను. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఏ పూట అన్నం ఆ పూటకు అడిగే చోటికి వచ్చేసరికి రోజూ మా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు వరసగా గుర్తొస్తాయి నాకు. ఆ వరసలో మొదటిసారి మా ఇంటిని కూడా చేర్చాను.