మేం అమ్మిన బండి వెంట రాజోలు, కొత్తపేట

మంగళవారం సాయంత్రం ఫోనొచ్చింది. బుధవారం ఉదయం ఆరున్నరకల్లా గుడివాడ స్టేషన్లో నరసాపురం పాసింజరు కోసం నిలబడి ఉన్నాను. చేతిలో గుడ్డసంచి, అందులో ఒక ఫైలు, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక పానాల కట్ట. మా ఆయన ప్రసాదుతో మాట్లాడకుండానే ఇల్లు కదిలాను.

మాది టింకరింగ్ షెడ్డు. గుద్దుకుని నుజ్జయిన కారుని బాగు చేయించడం కన్నా ఓనరుకి డబ్బిచ్చెయ్యడమే నయమని ఇన్సూరెన్సు కంపెనీ తేలిస్తే, దాన్ని మేం టోటల్ లాస్ బండి అంటాం. కంపెనీ వాటిని వేలం వేస్తుంది. మేం కొని, బాగు చేసి అమ్ముతాం. రేకు పని, రంగు ప్రసాదు చూసుకుంటాడు. వేలం, కాగితాలు, అమ్మకం నావి. పదకొండేళ్ళుగా ఇదే మా బతుకు. చెడ్డ పని అనుకోను. తిరగగలిగిన బండిని తుక్కు కింద నరికెయ్యడం నాకు నచ్చదు. విరిగినప్పటి ఫొటోలు కొనేవాళ్ళ చేతిలో పెట్టి మరీ అమ్ముతాను.

నాలుగు నెలల కిందట ఒక తెల్ల కారు అమ్మాం. ఆగి ఉన్న లారీని గుద్దిన బండి. ముందు భాగమంతా కొత్తగా కట్టాం. గుద్దినప్పుడు పేలిపోయిన రెండు ఎయిర్‌బ్యాగులు మాత్రం వెయ్యలేదు. వాటి ఖరీదు ఎక్కువ. కొత్తపేటలో పాత కార్ల వ్యాపారం చేసే బుజ్జిగారు, "అవి నేను వేయించుకుంటానండి, మీరు అలాగే ఇచ్చెయ్యండి" అన్నాడు. ఎయిర్‌బ్యాగులు లేవని కాగితం మీద రాసి, సంతకం పెట్టించుకుని బండి ఇచ్చేశాను.

మంగళవారం ఫోన్ చేసింది ఆ బండి ఇప్పటి ఓనరు, సుకన్య. నర్సు. కువైట్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చి, రాజోలు పక్క ఊళ్ళో ఉంటూ రోజూ అమలాపురం ఆస్పత్రికి డ్యూటీకి వెళ్తుంది. స్టెప్నీ కింద మా షెడ్డు రసీదు దొరికిందట.

"హారన్ ఒకసారి మోగుతుంది, ఒకసారి మోగదండి. పాత ఓనరుగారు మీ దగ్గరే సర్వీసు చేయించేవారాండి?" అని అడిగింది.

హారన్ తీగా, ఎయిర్‌బ్యాగూ రెండూ స్టీరింగు మధ్య మూత కిందే ఉంటాయి. తాళం తిప్పగానే మీటర్లో ఎయిర్‌బ్యాగు బొమ్మ వెలిగి ఆరుతోందేమో చూడమన్నాను. చూసొచ్చి, అసలు వెలగట్లేదంది. ఎయిర్‌బ్యాగులుంటే ఆ లైటు నాలుగు క్షణాలు వెలిగి ఆరాలి. లేకపోతే ఆరకుండా వెలుగుతూనే ఉండాలి. అసలు వెలగలేదంటే ఎవరో కావాలని పీకేశారన్నమాట. బండి బయటికి తియ్యొద్దన్నాను.

"ఎవరో ఫోన్లో చెప్తే ఎలా నమ్మేదండి?" అంది. అదీ నిజమే.

ప్రసాదుకి చెప్తే, "అమ్మేశాం, రాసిచ్చాం. ఇంక మనకెందుకు?" అన్నాడు. అప్పుడు మొదలైంది నా కోపం.

పాసింజరు ఏడుకి పది నిమిషాలుండగా వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. భీమవరంలో ప్లాట్‌ఫాం మీద నాలుగు ఇడ్లీ ముప్పై రూపాయలు. చట్నీ నీళ్ళలా ఉంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఉండిలో ఎరువుల కొట్టు నడుపుతాడట. అమలాపురం వైపు పాత కారు చూడ్డానికి వెళ్తున్నానన్నాడు.

"ఆ పక్క గల్ఫ్ వాళ్ళ బళ్ళుంటాయండి. ఏడాదికో నెల సెలవకొచ్చినప్పుడే తీస్తారు. మిగతా పదకొండు నెలలూ కవరు కప్పే ఉంటాయి" అన్నాడు.

"ఏం చూసి కొంటారు?" అన్నాను.

"టైర్లు చూస్తామండి. ఏసీ చూస్తాం. లోపల వాసన బావుండాలి."

తాళం తిప్పి ఎయిర్‌బ్యాగు లైటు చూడమని, సీటుబెల్టు మొత్తం బయటికి లాగి కొసన ఉన్న తేదీ బండి తేదీతో సరిపోతుందో లేదో చూడమని, బానెట్ బోల్టుల మీద రంగు గీరుకుపోయిందేమో చూడమని చెప్పాను. ఆయన నన్ను కిందకీ పైకీ చూసి, "మీరు ఏ కంపెనీ తరఫునండి?" అన్నాడు. ఆ తర్వాత పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తొమ్మిదింబావుకి పాలకొల్లు. బస్టాండులో రాజోలు బస్సు సిద్ధంగా ఉంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టుకి డబ్బు లేదు. చించినాడ వంతెన దాటాక, దిండి దగ్గర హౌస్‌బోట్లు వరసగా కట్టేసి ఉన్నాయి. పక్కనున్నావిడ, "చూడండి, చూడండి, ఎంత బావుంటాదో" అంది. ఆ ఉదయం నాకు గోదావరి మీద కూడా కోపంగానే ఉంది.

పదిన్నరకి సుకన్య ఇంటి ముందు ఆటో దిగాను. సన్నగా, చురుగ్గా, ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి, "అంత దూరం నుంచి వచ్చేరాండి! ముందు టిఫిన్ చెయ్యండి" అంది. నేను ఫైలు తీసి ఫొటోలు బల్ల మీద పెట్టాను. లారీ కింద దూరిన తెల్ల బానెట్టు, పగిలిన అద్దం, స్టీరింగు మీంచి వేలాడుతున్న పేలిపోయిన సంచి. నంబరు ప్లేటు స్పష్టంగా కనిపిస్తోంది.

ఆమె ఒక్కో ఫొటో ఎత్తి చూసింది. "గల్ఫ్ ఆయనది, సెలవల్లోనే తిప్పేరని చెప్పేరండి బుజ్జిగారు. నేనూ అక్కడ పనిచేసొచ్చినదాన్నే కదా, నమ్మేను" అంది.

వాకిట్లో ఉన్న బండి దగ్గరికెళ్ళి, ముందు బ్యాటరీ తీగ విప్పాను. తర్వాత స్టీరింగు మధ్య మూత ఊడదీశాను. లోపల ఎయిర్‌బ్యాగు ఉండాల్సిన చోట పాత లుంగీ పీలికలు, పరుపు స్పాంజి ముక్కలు కుక్కి ఉన్నాయి. హారన్ తీగ వాటి కింద నలిగిపోయింది. ఎడం పక్క డాష్‌బోర్డు మూత జిగురుతో అంటించి ఉంది. దాని వెనక ఉత్త ఖాళీ.

బుజ్జిగారిని తిట్టడం మొదలుపెట్టాను. సుకన్య చెయ్యెత్తి ఆపింది.

"ఉండండి. ఇవి లేవని మీకు తెలుసు కదండీ? తెలిసే అమ్మేరా?"

"లేవని కాగితం మీద రాసిచ్చానమ్మా."

"ఎవరికి రాసిచ్చేరండి? ఇందులో కూర్చుంటున్నది నేను. నాకు రాసివ్వలేదు కదా."

అరవలేదు. అండీ అనడం మానలేదు. పదకొండేళ్ళలో ఏ కస్టమరూ నన్ను ఇంత మాట అనలేదు. ఇంటి దగ్గర ప్రసాదు అన్న మాటే నేనూ అన్నాను కదా అని ఒళ్ళు మండిపోయింది.

ఆ స్పాంజి ముక్కలు సంచిలో వేసుకుని, బండి అక్కడే వదిలి, పదకొండుంబావుకి ఇద్దరం బుజ్జిగారి దగ్గరికని బస్సెక్కాం. బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం చేరేసరికి పన్నెండున్నర. బస్టాండు దగ్గర భోజనం వంద రూపాయలు. పప్పు, వంకాయ, పులుసు, గడ్డపెరుగు. బావుందని తర్వాత గుర్తొచ్చింది, తింటున్నప్పుడు తెలియలేదు. సుకన్య రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. అంబాజీపేట మీదుగా వెళ్ళే బస్సులో నిలబడే వెళ్ళాం. రెండున్నరకి కొత్తపేటలో దిగాం.

బుజ్జిగారి దుకాణం రోడ్డు పక్కన కొబ్బరితోటలో వేసిన రేకుల షెడ్డు. ఏడు కార్లు తళతళలాడుతున్నాయి. ఒక ఎర్ర కారు ముందు భార్యాభర్తలు, కాలేజీ వయసు కూతురు నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో నిమ్మకాయలు, కొబ్బరికాయ. పూజ చేయించుకుని తీసుకెళ్ళడానికి వచ్చినట్టున్నారు.

"ఆయ్, రండి రండి అక్కగారూ! సుకన్యగారూ, మీరూనా! కూర్చోండి. ముందు బొండాలు తాగండి" అన్నాడు బుజ్జిగారు. తెల్ల చొక్కా, చెరగని నవ్వు.

స్పాంజి ముక్కలు ఆయన బల్ల మీద పెట్టాను. నవ్వు తగ్గలేదు.

"సుకన్యగారు ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని సంతకం పెట్టేరండి. కాగితం చూపించమంటారా? అయినా అక్కగారూ, బండి కట్టింది మీరే కదండీ. లేకుండా ఇచ్చిందీ మీరే. నన్నంటే ఏం న్యాయమండి?"

ఆ మాటలో సగం నిజం ఉంది. అందుకే తట్టుకోలేకపోయాను. లేచి ఎర్ర కారు దగ్గరికెళ్ళాను. తాళాలు బళ్ళకే ఉన్నాయి. "బాబుగారూ, ఇటు చూడండి" అని కొనడానికొచ్చినాయన్ని పిలిచి, తాళం తిప్పాను. ఎయిర్‌బ్యాగు లైటు వెలగలేదు. "లోపల బ్యాగుల్లేవు" అన్నాను. పక్క బండి తిప్పాను. వెలిగి ఆరింది. "ఇది పరవాలేదు" అన్నాను. మూడోది వెలగలేదు. నాలుగు, అయిదు బాగానే ఉన్నాయి. ఆరోది మళ్ళీ వెలగలేదు. ప్రతి బండి నంబరూ చదివి, లైటు వెలిగిందో లేదో గట్టిగా చెప్పాను. ఎంత గట్టిగా అరిచానో నాకే తెలియదు, రోడ్డు మీద సైకిలాయన ఆగి చూస్తున్నాడు.

ఏడో బండి తలుపు మీద చెయ్యి వేసేసరికి బుజ్జిగారు అడ్డం వచ్చాడు. "ఇంక చాలు. బయటికి నడు" అన్నాడు. అండీ లేదు, అక్కగారూ లేదు.

నిమ్మకాయలు పట్టుకున్నావిడ భర్తతో, "పదండి, మనం వెళ్ళిపోదాం" అంది. వాళ్ళు ముగ్గురూ వెళ్ళిపోయారు. బుజ్జిగారు వాళ్ళ వెనక గేటు దాకా వెళ్ళి, ఒక్కడే తిరిగొచ్చాడు. కుర్చీలో కూలబడి, "సరే, బండి వెనక్కిచ్చెయ్యండి. డబ్బిచ్చేస్తాను" అన్నాడు.

నేను గెలిచాననుకున్నాను. సుకన్య నా వైపు తిరిగింది. "నేనిచ్చేస్తే దీన్నేం చేస్తారండి ఈయన? మళ్ళీ అమ్ముతారు కదా? రేపు ఇంకొకరు కూర్చుంటారు."

నాకు ఆ ఆలోచన రాలేదు. కార్లు కొని అమ్మడం నా పని, అయినా రాలేదు.

ఆమే తేల్చింది. బండి ఆమె దగ్గరే ఉంటుంది. ట్రక్కు మీద రాజమండ్రి కంపెనీ వర్క్‌షాపుకి పంపాలి. కొత్త ఎయిర్‌బ్యాగులు, వాటి సెన్సార్లు, సీటుబెల్టులు వేయించాలి. ఖర్చు సగం బుజ్జిగారు, సగం మేము. "సగం మీరే పెట్టాలండి" అని నా కళ్ళలోకి చూసి అంది. సరేనన్నాను. బుజ్జిగారు నసిగాడు. మిగతా బళ్ళ నంబర్లు రాసుకున్నానని, రవాణా ఆఫీసులో ఇస్తానని చెప్పాక ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టాడు. సంతకం పెట్టినా ఇచ్చే తీరతానని కూడా చెప్పాను. మర్నాడు ఇచ్చాను. ఇది రాసేనాటికి ఆ ఆఫీసు నుంచి ఎవరూ నన్ను తిరిగి పిలవలేదు. సుకన్య బండి మాత్రం పది రోజుల్లో రాజమండ్రి నుంచి పూర్తిగా బాగై వచ్చింది.

నాలుగున్నరకి కొత్తపేట సెంటర్లో విడిపోయాం. ఆమె బస్సు ముందొచ్చింది. మెట్టెక్కబోతూ ఆగి, "రోజూ నా పక్క సీట్లో మా పద్మ కూర్చుంటుందండి. నాతోటి నర్సే. ఏడో నెల" అంది. నా జవాబు కోసం చూడకుండా ఎక్కేసింది.

రావులపాలెం నుంచి తణుకు బస్సులో సీటు దొరికింది. సిద్ధాంతం వంతెన మీద అందరూ గాలికి కిటికీలు తెరిచారు. తణుకులో ఆరుంబావు రైలెక్కాను. జనరల్ పెట్టె సగం ఖాళీ. కోనసీమ ఎలా ఉంటుందని నన్నెవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. మూడు వంతెనలు దాటి వచ్చాను, ఒక్క చోటా నీటిని తేరిపార చూడలేదు. అంత మర్యాదగా మాట్లాడే మనుషుల్ని మాత్రం ఎక్కడా చూడలేదు. ఆ మర్యాదతోనే ఒకాయన మోసం నాదేనన్నాడు, ఒకావిడ నా తప్పు నాకు చూపించింది. దుకాణంలో అరిచిన కోపం ఇంకా తగ్గలేదు. ఆ మోసంలో నా వాటా ఎంతో మాత్రం ఇప్పుడు తెలుసు.

భీమవరం దాటాక ప్రసాదుకి ఫోన్ చేసి, సగం ఖర్చు మనదేనన్నాను.

"నీకేమైనా పిచ్చా? వాడు చేసిన దొంగపనికి మనమెందుకు పెట్టాలి?" అని కేకలేశాడు. నేనూ కేకలేశాను. పెట్టెలో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. అప్పుడు పద్మ గురించి చెప్పాను. ఏ సీట్లో కూర్చుంటుందో చెప్పాను. ఏడో నెలని చెప్పాను.

ప్రసాదు గొంతు తగ్గించాడు.

"మన షెడ్డులో బూడిదరంగు బండి ఉంది కదా, ఎయిర్‌బ్యాగుల్లేనిది. కొన్నవాళ్ళు రేపు తీసుకెళ్ళడానికి ముక్తేశ్వరం నుంచి వస్తామన్నారు. రావద్దని ఇప్పుడే చెప్తాను."