తొట్టెల నాడు మొరాయించిన బ్యాటరీ

మా ఆయనకు భూపాలపల్లి బొగ్గుగనిలో ఉద్యోగం. అక్కడే గది తీసుకుని ఉంటారు, సెలవు దొరికితే జనగామ వస్తారు. ఇంట్లో నేను, మా అత్తమ్మ. మా వీధిలోనే నాకు చిన్న గాజుల దుకాణం ఉంది. ఇంటి ముందు ఊరికే నిలబడి ఉండే కారును ఎవరో ఒకరు నడపాలి కదా అని నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. అత్తమ్మకు అది నచ్చలేదు.

"బస్సులు లేవా, ఆటోలు లేవా? గా స్టీరింగు నీకెందుకు?" అనేది. తప్పనిసరై ఎక్కినా వెనక సీటులో కూర్చుని, దిగేదాకా దేవుడికి మొక్కుతూనే ఉండేది.

బ్యాటరీ పోతున్నదని ఆ కారు మాకు ముందునుంచే చెబుతూ వచ్చింది. తాళం తిప్పగానే అందుకునే ఇంజను, ఆ చలికాలంలో బరువు మోస్తున్నట్టు మూలుగుతూ తిరిగి, అప్పుడు అందుకునేది. హారన్ గొంతు సన్నబడింది. స్టార్ట్ చేసేటప్పుడు లోపలి లైటు ఆరిపోయినంత పనయ్యేది. వెనక నుంచి అత్తమ్మే మొదట అడిగింది.

"ఏందే, గిది గట్ల దగ్గుతాంది?"

మా ఆయనకు ఫోన్ చేశాను. "బ్యాటరీ మీద వైర్లు బిగించే కాడ పొడి పట్టిందేమో సూడు. గది కడిగితే మంచిగైతది" అన్నారు. బానెట్ ఎత్తి చూస్తే నిజంగానే తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది. వైర్లు ఊడదీసి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది కడిగాను. కొన్నాళ్లు బాగానే స్టార్ట్ అయింది. రోగం కుదిరిందనే అనుకున్నాను. కడిగితే పైనున్న అతుకు బాగుపడుతుంది గానీ, ముసలిదైన బ్యాటరీ లోపలి సత్తువ తిరిగి రాదు. పైగా ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి తిప్పితే అది చార్జి కావడానికి సమయమే దొరకదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

మా ఆడబిడ్డకు మనవరాలు పుట్టింది. రఘునాథపల్లిలో తొట్టెల, పాపను ఉయ్యాలలో వేసే వేడుక. పట్టుచీరలు కట్టుకుని, పాపకు వెండి కడియాలు తీసుకుని బయలుదేరాం. దారిలో రైల్వేగేటు పడింది. అందరిలాగే ఇంజను ఆపాను. పట్టుచీరలో అత్తమ్మకు ఉక్కపోస్తుందని ఫ్యాను మాత్రం తిరగనిచ్చాను. రైలు వెళ్లింది, గేటు లేచింది. తాళం తిప్పితే టక్, టక్ అన్నదే తప్ప ఇంజను తిరగలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. మళ్లీ తిప్పాను, మళ్లీ అదే టక్, టక్.

అత్తమ్మ తలుపు తీసుకుని దిగింది. ఇంక ఏదైనా ఆటో ఎక్కి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె కారు వెనక్కి పోయి నిలబడింది.

"ఏందయ్యా గా మోత? మా పిల్ల కావాల్నని ఆపిందా? గా చేతులు హారన్ మీద గాదు, జర బండి మీద పెట్టున్రి!"

ఒక ఆటో అన్న నవ్వుకుంటూ దిగాడు. ఇంకో ఇద్దరు బైకులు పక్కన పెట్టి వచ్చారు. ముందు బండిని పట్టాలు దాటించి రోడ్డు పక్కకు తెచ్చారు. ఆటో అన్న నా కిటికీ దగ్గరికొచ్చి నిదానంగా చెప్పాడు.

"అక్కా, తాళం ఆన్‌ల ఉంచు. క్లచ్ తొక్కి సెకండ్ గేర్ ఎయ్యి. బండి ఉరికినంక క్లచ్ ఇడువు."

అద్దంలో చూస్తే అత్తమ్మ కొంగు నడుముకు దోపి, వాళ్లతో పాటు నెడుతోంది. మొదటిసారి బండి ఎగిరిపడి ఆగిపోయింది. మళ్లీ నెట్టారు. ఈసారి అందుకుంది. "ఇంటికి పోయేదాంక బంద్ చేయకు!" అని ఆటో అన్న వెనక నుంచి అరిచాడు. నేను దండం పెట్టేలోపే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. అత్తమ్మ ఆయాసపడుతూ వచ్చి ముందు సీటులో కూర్చుంది.

ఆడబిడ్డ ఇంటి ముందు ఇంజను ఆపలేను. చుట్టూ పిల్లలు ఆడుతుంటే, నడుస్తున్న బండిని వదిలి దిగనూ లేను. అత్తమ్మ లోపలికి పోయి ఏం చెప్పిందో, కాసేపటికి ఆడబిడ్డే పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

"నువ్వు రాకపోతే నీ మనవరాలే వచ్చింది, సూడు వదినా" అంది.

సీట్లో కూర్చునే పాపకు కడియాలు తొడిగాను. అది నా వేలు పట్టుకుని వదల్లేదు. ఆ వెనకే అత్తమ్మ పళ్లెంలో బగారన్నం, కూర తెచ్చి, కలిపి నాకు ముద్దలు పెట్టింది. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె చేతి ముద్ద తినడం అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగితే కూర కారమన్నాను.

"పా బిడ్డా, ముందు బండి సంగతి సూద్దాం" అంది.

జనగామలో బ్యాటరీ దుకాణాయన వోల్టులు కొలిచే మీటరు పెట్టాడు. ఊరికే ఉన్నప్పుడు పన్నెండుకు పైన చూపిన అంకె, తాళం తిప్పగానే ఎనిమిదికి పడిపోయింది. వేరే బ్యాటరీతో స్టార్ట్ చేసి మళ్లీ చూస్తే పద్నాలుగు.

"చార్జింగ్ మంచిగనే వస్తాంది అక్కా. నీ బ్యాటరీయే పట్టుకుంటలేదు" అన్నాడు. అప్పుడే కొత్తది వేయించాం.

తర్వాతి వారం అత్తమ్మే అడిగింది, కొడుకును చూసొద్దామని. భూపాలపల్లికి ముందు ఘనపూర్‌లో చాయ్ కోసం ఆగాం. చాయ్ పోసే అవ్వకు అత్తమ్మ గేటు దగ్గరి కథంతా చేతులు తిప్పుతూ చెప్పింది. ఆమె చెప్పినదాన్ని బట్టి, బండిని దాదాపు తానొక్కతే నెట్టింది. నేను ఏమీ దిద్దలేదు. వేడి చాయ్ ఊదుకుంటూ, పక్కన నిలబడి ఆనందంగా విన్నాను.