పిన్ని ఫ్లాటుకు పర్మిట్

మా అమ్మ చెల్లెల్ని మేమంతా దుప్పటి పిన్ని అంటాం. పేరు పెట్టింది నేనే, నాలుగేళ్ల వయసులో. ఇరవై ఆరేళ్లు ఒకే హోటల్లో గదులు సర్దింది. చివరి పదేళ్లూ నాలుగు అంతస్తుల గదులకు ఆవిడే పెద్ద. పరిచిన దుప్పటి మీద ముడత కనిపిస్తే ఆవిడకు ప్రాణం ఊరుకోదు. మా ఇంటికి వచ్చినా సరే, ముందు నా మంచం లాగి సర్ది, ఆ తర్వాతే కుర్చీలో కూర్చుంటుంది. నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆ రాత్రి నిద్ర మాత్రం బాగా పడుతుంది.

పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదమ్మా" అంటుంది. తన జీతంతోనే మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు కొనుక్కుంది. బాల్కనీలో నిలబడితే ఎదురు మేడల సందులోంచి అరచేతి వెడల్పు సముద్రం కనిపిస్తుంది. దాన్ని చూపించకుండా ఎవరినీ వదలదు.

అలాంటిది హోటల్ మూతపడింది. పిన్నికి యాభై మూడేళ్లు. ఆవిడ అన్నయ్య, అంటే మా మామయ్య, వెంటనే రంగంలోకి దిగాడు. మామయ్య చెడ్డవాడేం కాదు గానీ, ఇతరుల జీవితాలు చక్కబెట్టడమంటే ఆయనకు మహా సరదా.

"ఫ్లాటు అమ్మేసి మా ఇంటికొచ్చెయ్. వెనక గది ఖాళీగానే ఉందిగా. ఒక్కదానివి, ఎందుకీ తాపత్రయం?" అన్నాడు.

ఆ వెనక గదిలో మూడు తిరగని ఫ్యాన్లు, ఒక కాలు విరిగిన సోఫా కాపురం ఉంటున్నాయి. పిన్ని, "నాలుగు నెలలు ఆగు అన్నయ్యా. ఈలోగా ఈ ఇల్లు తన ఖర్చు తను సంపాదించుకోలేకపోతే నువ్వన్నట్టే చేస్తా" అంది. మామయ్య సరేనన్నాడు. మర్నాడే బ్రోకర్‌కి ఫోన్ కూడా చేశాడు.

పిన్ని ఆలోచన చిన్నదే. సెలవుల్లో మా ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకు రెండేసి మూడేసి రోజులు ఫ్లాటు అద్దెకివ్వడం, ఆ రోజుల్లో తను రెండు వీధుల అవతల మా ఇంట్లో ఉండడం. ఆ చుట్టుపక్కల అప్పటికే అరడజను మంది ఈ పని చేస్తున్నారు, అందరూ చాటుగానే. అడిగితే చుట్టాలమని చెప్పమని వచ్చినవాళ్లకు ముందే నేర్పుతారు. పిన్ని పై అంతస్తు ఆయనకైతే వారానికో కొత్త బావమరిది పుట్టుకొచ్చేవాడు.

"నువ్వూ అలాగే కానిచ్చెయ్. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు మామయ్య.

"నా ఇంటికొచ్చినవాళ్ల చేత అబద్ధం ఆడించనా? వాళ్లు మెట్ల మీద తల దించుకుని నడవాలా? నాకొద్దు. నాకు పర్మిట్ కావాలి, దాని మీద నా పేరుండాలి" అంది పిన్ని.

మునిసిపల్ ఆఫీసు రూలు ప్రకారం ఫ్లాటు సొంతదై, తను ఉంటున్నదై ఉండాలి. ఆఫీసువాళ్లు వచ్చి తనిఖీ చేయాలి. అన్నిటికంటే ముందు, బిల్డింగులో మిగతా ఏడు ఫ్లాట్ల యజమానులూ ఒప్పుకుంటూ సంతకాలు పెట్టాలి. ఆరుగురు పెట్టారు. పై అంతస్తు ఆయన కూడా, అటూ ఇటూ చూసి, నీళ్లు నమిలి, పెట్టాడు. ఏడో ఆయన దగ్గరే బండి ఆగిపోయింది. కింది అంతస్తులో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు తలుపు సగమే తెరిచి, "కుదరదమ్మా" అని మళ్లీ వేసేశారు.

ఇక్కడే మా మామయ్య పప్పులో కాలేశాడు. మాస్టారు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన సమయం చూసి, వాళ్లావిడను మంచి చేసుకుని, ఆవిడ చేత సంతకం పెట్టించుకొచ్చాడు. ఘనకార్యం చేసినవాడిలా కాగితం గాల్లో ఊపాడు. నమ్మి పిన్ని దరఖాస్తు పెట్టేసింది. ఫ్లాటు మాస్టారి పేరున ఉంది, ఆవిడ పేరున కాదు. దరఖాస్తు తిరిగొచ్చింది, ఇరవై రోజుల్లో సరిచేయకపోతే ఫైలు మూసేస్తామన్న ఉత్తరంతో సహా. ఆ ఉత్తరం నకలు మాస్టారికీ వెళ్లింది.

"నా వెనక నా ఇంట్లో దూరి సంతకాలు లాగుతారా!" అని ఆయన వేసిన కేక మూడో అంతస్తుకు వినిపించింది. మామయ్య నెల రోజులు ఆ వీధిలో కనబడలేదు.

పిన్ని ఆ సాయంత్రం మా ఇంట్లో ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడ్డం అదే మొదటిసారి. తెల్లారేసరికి మాత్రం జడ బిగించి, ఒక లావుపాటి నోటుబుక్కులో గీతలు కొడుతూ కనిపించింది.

"హోటల్లో ఫిర్యాదు వస్తే బతిమాలకూడదే. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి, వాళ్లకే చదివి వినిపించాలి, బాగుచేయాలి. బాగుపడిందని వాళ్లు సంతకం పెట్టేదాకా ఆ ఫిర్యాదు మూయకూడదు" అంది.

బుక్కు పట్టుకుని మాస్టారి తలుపు కొట్టింది. నేను వెనకే ఉన్నాను, పారిపోవడానికి వీలుగా.

"మాస్టారూ, సంతకం అడగడానికి రాలేదు. మా అన్నయ్య చేసింది తప్పు, క్షమించండి. మీ ఇబ్బందులేంటో చెప్పండి, రాసుకుంటాను."

ఆయన ముందు నమ్మలేదు. తర్వాత మొదలుపెట్టారు, ఇక ఆపలేదు. పై అంతస్తు బావమరుదులు వేళాపాళా లేకుండా ఈయన బెల్లే కొడతారు. చక్రాల పెట్టెలు మెట్ల మీద దడదడలాడిస్తారు. లిఫ్టు తలుపు వేయరు. సిగరెట్ ముక్కలు ఈయన పూలకుండీల్లో గుచ్చుతారు. ఎనిమిది దాకా చెప్పి, అలసిపోయి, "చెప్పి ఏం లాభం? ఈ బిల్డింగులో నా మాట వినే దిక్కెవరు?" అన్నారు. పిన్ని దాన్నీ తొమ్మిదోదిగా రాసుకుంది.

పదిహేను రోజులు ఆ మనిషి కాలు నిలవలేదు. ప్రతి బెల్లు పక్కనా ఫ్లాటు నంబరు పెద్దగా రాయించింది. లిఫ్టు తలుపు దానంతటదే మూసుకునేలా స్ప్రింగు పెట్టించింది. తన ఇంటికైనా, పై అంతస్తుకైనా వచ్చేవాళ్లు సాయంత్రం ఏడులోగా రావాలని, తనే గేటు దగ్గర కలిసి పెట్టెలు లిఫ్టులో పైకి తెస్తానని నియమం రాసి, మాస్టారికి ఒక ప్రతి ఇచ్చింది. తన ఫోన్ నంబరు ఆయన తలుపు వెనక అంటించి, "ఏ ఇబ్బంది వచ్చినా ఐదు నిమిషాల్లో ఉంటా" అంది. ఓ మధ్యాహ్నం ఆయన పరీక్షించాలని ఫోన్ చేశారు. పిన్ని సబ్బు చేతులతోనే మా ఇంట్లోంచి పరిగెత్తింది. ఆయన గడియారం చూసి, "ఆరు నిమిషాలు" అన్నారు. పిన్ని రొప్పుతూనే బుక్కులో ఐదు కొట్టేసి, ఎందుకైనా మంచిదని ఒకటి కలిపి ఏడు అని రాసింది. మాస్టారు నవ్వడం నేను మొదటిసారి చూశాను.

గడువుకు రెండు రోజుల ముందు బుక్కు ఆయన ముందు పెట్టింది. ఒక్కొక్కటే చదివి, ఎనిమిదింటికి సంతకం పెట్టారు. తొమ్మిదో దాని దగ్గర పెన్ను ఆగింది.

"ఇక్కడేం చేశావో రాయలేదేంటమ్మా? ఖాళీగా ఉంది."

"మీ మాట వినేవాళ్లు లేరన్నారు కదా మాస్టారూ. విన్నాను. రాయడానికి ఇంకేముంది? కాదంటే చెప్పండి, మూయను."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తొమ్మిదో సంతకం పెట్టి, "ఆ ఒప్పుకోలు కాగితం కూడా ఇటివ్వు" అన్నారు.

తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ టేపుతో మెట్లు కొలిచింది, మంటలార్పే సిలిండరు తేదీ చూసింది, కింది అంతస్తు వారికి అభ్యంతరం ఏమైనా ఉందా అని అడిగింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ గుమ్మంలో నిలబడ్డారు.

"తొమ్మిది ఉండేవండి. తొమ్మిదీ మూసేశాం" అన్నారు, తనే సగం పని చేసినట్టు.

పర్మిట్ వచ్చింది. నంబరు, ముద్ర, నిండుగా పిన్ని పేరు. దాన్ని చట్రం కట్టించి గుమ్మం పక్కన తగిలించింది. మొదటి విడిదికి ఒక ముసలి దంపతులు మనవరాలితో వచ్చారు. పిన్ని వాళ్లకు బాల్కనీలోంచి సముద్రం చూపిస్తుండగా ఫోన్ మోగింది. మామయ్య పెట్టిన బ్రోకర్. ఆ రోజుతో నాలుగు నెలలు నిండాయి.

"అమ్మా, మీ ఫ్లాటుకి పార్టీ రెడీగా ఉందండి. ఎప్పుడు తీసుకురమ్మంటారు?"

"ఎప్పుడైనా తీసుకురండి బాబూ" అంది పిన్ని. "రెండు రాత్రులకి తక్కువైతే మాత్రం ఇవ్వను."