చాటింపు ఆగిన చోటు

ఈ వేసవిలో మా వీధికి సిమెంటు రోడ్డు వేశారు. వేశారంటే సగానికే వేశారు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల జానెడు ఎత్తున అంచు కట్టి ఆపేశారు, అక్కడినుంచి తమిళనాడట. ఆ అంచుకు కాలు తట్టుకుని పడబోయి తమాయించుకున్నాను గానీ, నాకొచ్చిన కోపం రోడ్డు మీద కాదు.

రాష్ట్రాల మధ్య గీత మా ఊరి నడుమ నుంచి పోయిందని పెద్దలు చెప్పగా విన్నవాళ్లమే తప్ప, నా ఈడు వాళ్లెవరమూ దాన్ని ఖాతరు చేయలేదు. మగ్గాలూ కూరగాయల సంతా ఇటు, టెంటు వేసి సినిమా ఆడే కొట్టాయీ మంచి కాఫీపొడి దొరికే అంగడీ అటు. మా అవ్వయితే ఊరు ఒకటిగా ఉన్న రోజుల్లోనే తన కూతుర్ని, అంటే మా మేనత్తను, అవతలి వీధిలో ఇచ్చి, బిడ్డ కూతవేటు దూరంలోనే ఉందని మురిసిపోయేది.

డెబ్బైల చివర్లో ఆ గీత మీద చెక్‌పోస్టు గేటు పెట్టి అడ్డంగా వెదురు గడ వేశారు. మనుషులం దాని కింద వంగి పోయేవాళ్లం, అదీ అలవాటైంది. ఆ ఏడే గంగమ్మ జాతరకు చాటింపు వచ్చింది. తప్పెట కొట్టుకుంటూ పొలిమేరంతా తిరుగుతారు. అది తిరిగినంత మేరే ఊరు, దాని బయట మిగిలినవాళ్లు ఊరివాళ్ల లెక్కలోకి రారు.

గేటుకు కొత్తగా వచ్చిన ఆఫీసరు, అవతలి రాష్ట్రంవాళ్ల అనుమతి కాగితం లేనిదే గుంపు దాటడానికి వీల్లేదన్నాడు. తప్పెట ఆగింది. అక్కడే వెనక్కి తిరిగితే మా అత్త ఇక ఈ ఊరి ఆడబిడ్డ కాదు, మాతోపాటు అమ్మవారికి పొంగలి పెట్టే హక్కూ లేదు. గడకు అవతల పసుపునీళ్ల చెంబుతో నిలబడిన ఆమె ముఖం వాడిపోవడం చూశాను. చూసి కూడా, కొత్తగా సర్కారు టీచరు ఉద్యోగంలో చేరిన నేను, గేటు వైపు కదిలిన అవ్వ కొంగు పట్టి లాగాను. "ఊరుకో అవ్వా, నా ఉద్యోగం పోతాది" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

అవ్వ కుడిచేయి విరిగి అప్పటికి పుత్తూరు కట్టులో ఉంది. ఎడమచేత్తో గడ పట్టుకుంది.

"ఏమప్పా, గీత గీసినోళ్లు మా గంగమ్మనడిగి గీసినారా? ఆ యమ్మ పొలిమేర అవతల చింతతోపు కాడుండాది, నీ గేటు కాడ కాదు."

"నువ్వొక్కదానివి కింద వంగి పోరాదామ్మా" అన్నాడు ఆఫీసరు కాస్త మెత్తబడి.

"నేను దినామూ వంగతానే ఉండా. అమ్మోరి మాట వంగదు. ఎత్తు."

ఆయన ఏదో కాగితం చూస్తున్నట్టు తల దించుకున్నాడు. అవతలి వీధివాడైన కాపలాదారు ఎవరినీ అడక్కుండా గడ ఎత్తాడు. తప్పెట మోగుతూ దాటిపోయింది. అత్త అవ్వను పట్టుకుని ఏడ్చింది.

గడ ఎప్పుడో పోయింది. అవ్వా పోయింది, అత్తా పోయింది; ఆ ఇంట్లో ఆమె మనవలు నన్ను చూస్తే తెలుగు మాటలు వెతుక్కుంటారు. చాటింపు ఇప్పుడు ఆటోలో, మైకులో. ఈసారి ఆ సిమెంటు అంచు దగ్గర, బండి దెబ్బతింటుందని డ్రైవరు వెనక్కి తిప్పబోయాడు. ఆపిన ఆఫీసరు లేడు, అడిగిన మనిషీ లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. పోవడానికి నాకిప్పుడు ఉద్యోగం లేదు కదా, పోయి ఆటో వెనక అడ్డంగా నిలబడ్డాను.

"చింతతోపు దాకా పో నాయనా."

"తోపు యాడుండాది పెద్దమ్మా? అన్నీ ప్లాట్లేసినారు గదా."

"తోపు లేకుంటే ఏమి, పొలిమేర ఉండాది. పో."

ఆటో గెంతి అవతలికి దిగింది, వెనకే నేను నడిచాను. ఈసారి నా కొంగు పట్టి లాగినవాళ్లు లేరు. లాగాల్సిన వయసువాళ్లంతా ఫోన్లలో వీడియో తీస్తున్నారు.