ధనపాల్ మిద్దెమీది కోళ్ళఫారం

మేట్టుపాళయం గోడౌనులో సూపర్‌వైజరు పని చేసే ధనపాల్, ఇంట్లో ఒక్క కోడీ లేనప్పుడే ఊరంతటికీ కోళ్ళ పెంపకం నేర్పేశాడు. తన పుంజు ఒక్క కూత కూస్తే ఎక్కడో దూరాన కారైక్కాల్‌లో జనం లేచి పళ్ళు తోముకుంటారని టీకొట్టులో ప్రకటించాడు కూడా.

భార్య లోగనాయకికి వడియాలు ఎండబెట్టుకోను ఉన్నది ఆ ఒక్క మిద్దే. "ఇరవైయొక్క దినాలు ఇస్తా. పిల్లలు లేస్తే మిద్దె నీది. లేదంటే కోళ్ళ మాట మళ్ళీ ఎత్తకూడదు" అంది.

ధనపాల్ అరియాంకుప్పం పోయి, పొదుగుకొచ్చిన కోడిని చిన్నమ్మ జయమ్మాళ్ దగ్గర అడిగి తెచ్చాడు. వాళ్ళ ఇళ్ళల్లో పద్ధతి ఏమంటే, కోడి ఎవరిదైతే పిల్లల్లో సగం వాళ్ళవి. బస్సులో ఒళ్ళో పెట్టుకొచ్చిన బుట్ట ఇంట్లో మూత తీస్తే, దారిలోనే ఆ కోడి తన ఆఖరి గుడ్డు పెట్టి ఉంది. అంతకుముందే మూడు వారాలుగా వెతికి కొని దాచిన నాటుగుడ్లు పది. అదీ ఇదీ కలిపి పదకొండు. పొదగెయ్యడానికి బేసి లెక్కే మంచిదని పొంగిపోయాడు.

రోజూ ఫోను టార్చి గుడ్డుకు ఆనించి చూసేవాడు. "లోపల ఒకటి నాకు కన్ను కొట్టినాది లోగా!"

"నిన్ను చూసి ఇంకెవురు కొడతార్లే, పాపం అదన్నా కొట్టనీ."

పంతొమ్మిదోనాడు జయమ్మాళ్ బస్సు దిగింది. వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోయించి గుడ్లు వదిలింది. లోపల ప్రాణముంటే గుడ్డు నీళ్ళలో దానంతటదే ఆడుతుంది. కొన్న పదింటిలో ఒక్కటీ ఆడలేదు. ధనపాల్ మోకాలితో గిన్నెను మెల్లగా తట్టాడు.

"కాలు తియ్‌రా! ఇన్నాళ్ళు ఈ గుడ్లు యాడ పెట్టినావు?"

"ఫ్రిజ్జులో చిన్నమ్మా. చెడిపోకూడదని, పాలపాకెట్టు పక్కన..."

"చలికి చంపేసి పొదగేసినావా! నా కోడి తిండి మాని గులకరాళ్ళమీద కూర్చోనుండాది గదరా!"

అంతలో పదకొండోది, బస్సులో పెట్టిన గుడ్డు, చిన్నగా ఊగింది. "చెప్పలే నేను!" అని ధనపాల్ ఎగిరిన ఎగురుకు కోడి పిట్టగోడ ఎక్కేసింది.

రెండు రోజులకు పిల్ల లేచింది. "సగం నాది గదా, తలవైపు ఇస్తావా, తోకవైపా?" అంది జయమ్మాళ్. కోడిని తీసుకుపోతే పిల్లా తల్లివెంట పోవాల్సిందే. ధనపాల్ భార్య ముఖం చూశాడు.

లోగనాయకి పిల్లను అరచేతిలోకి తీసుకుంది. అది ఆమె బొటనవేలిని పొడిచింది.

"కోడి ఈడనే ఉండనీ అత్తా. ఈసారి గుడ్లు మీ ఇంటినించి నేనే తెస్తా. ఈయన్ని ఫ్రిజ్జు దగ్గరికి రానియ్యను."

"నేనూ అదే అనుకున్నా లోగా. నువ్వు మేనేజరు, నేను ఓనరు."

"అట్లయితే ఓనరు ముందు గూడు కడగల్ల."

ఓనరుగారు చీపురు కోసం కిందికి దిగాడు.