ఏడో తరగతి గేమ్స్ పీరియడ్

పాల్మాకుల సర్కారు బడిలో పీఈటీ మల్లేశ్వర్‌కు ఖోఖో అంటే ప్రాణం. ఇరవై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల పిల్లలను ఉరికించి ఉరికించి జిల్లా జట్టు దాకా పంపినవాడు. ఇల్లు తొండుపల్లిలో. ఒక్కగానొక్క బిడ్డ రేఖను మాత్రం ఇంగ్లిష్ చదువు కోసం శంషాబాద్‌లోని ప్రైవేటు బడిలో వేశాడు. పొద్దున ఏడున్నరకు బస్సెక్కిన పిల్ల స్టడీ అవర్, ట్యూషన్ ముగించుకొని ఇల్లు చేరేసరికి మళ్ళీ ఏడు దాటేది.

ఆగస్టులో ఒక ఆదివారం తండ్రీకూతుళ్ళు హిమాయత్ సాగర్ చూడ్డానికి పోయారు. ఉన్నట్టుండి వాన. బండి ఆపిన చోటు మహా అయితే రెండు వందల గజాల దూరం. "ఉరుకు బిడ్డా!" అంటూ మల్లేశ్వర్ ముందు పరుగెత్తి, వెనుదిరిగి చూశాడు. రేఖ సగం దూరంలోనే కూలబడింది. ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి ఊపిరికి కొట్టుకుంటోంది. పెదవులు తెల్లబడ్డాయి.

మల్లేశ్వర్ బిడ్డను చేతుల్లోకి ఎత్తుకున్నాడు. నేరుగా దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ అన్నీ చూసి, "జబ్బేం లేదు. పిల్లకు ఒళ్ళు కదిలే పనే లేదు, అంతే. రోజుకు ఎంతసేపు ఆడుతది?" అని అడిగింది. పీఈటీ తన బిడ్డ వైపు తిరిగి చూశాడు.

బయటికొచ్చాక బిడ్డనే అడిగాడు. "వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు ఉన్నయ్ కద. ఏం ఆడుతరు?"

"గేమ్స్‌ల లెక్కల టీచర్ వస్తది బాపు."

"ఎప్పుడన్న ఒకసారా?"

"ఎప్పుడూ గంతే. నాలుగో తరగతి సంది గిట్లనే."

"మరి అన్నం తిన్నంక?"

"కిందికి పోనియ్యరు."

"నాకెందుకు చెప్పలే?"

"అన్ని బడులల్ల గట్లనే ఉంటదనుకున్న."

మర్నాడు మల్లేశ్వర్ కోపంగా ప్రిన్సిపాల్ గదిలోకి పోయాడు. ప్రిన్సిపాల్ ప్రసన్నలక్ష్మి నిదానంగా బీరువా తీసి, ఒక కాగితం ముందు పెట్టింది.

"ఆటల పీరియడ్లలో లెక్కలు చెప్పమని తల్లిదండ్రులే రాసిచ్చారండి. మీ సంతకం కూడా ఉంది, చూడండి."

ఉంది. మూడేళ్ళ కిందటి పేరెంట్స్ మీటింగులో పెట్టినది. చదవకుండా పెట్టాననుకుందామన్నా మనసు ఒప్పుకోలేదు. చదివే పెట్టాడు. 'నా బిడ్డకు ఆట నేనే నేర్పుకుంట తీయ్' అనుకొని మరీ పెట్టాడు. ఈ మూడేళ్ళలో ఒక్క సాయంత్రమైనా నేర్పింది లేదు. జేబులోని పెన్ను తీసి తన పేరు మీద అడ్డంగా గీత గీశాడు.

"మీ ఒక్కరిదీ కొట్టేస్తే టైంటేబుల్ మారదండి. సగం మందైనా అడగాలి," అందామె.

ఆ వారమంతా రేఖ తరగతి పిల్లల ఇల్లిల్లూ తిరిగాడు. నలభై ఇళ్ళలో తొమ్మిది మందే ఒప్పుకున్నారు. "పీఈటీ సారువు, నీకు గట్లనే అనిపిస్తదన్నా," అని నవ్వినవాళ్ళే ఎక్కువ. సగం కాకపోయినా ఆ కొద్ది సంతకాలు చూసి, చివరికి బడివాళ్ళు శనివారం ఒక్క పీరియడ్ ఆటకు వదిలారు.

మల్లేశ్వర్ రేఖకు స్టడీ అవర్, ట్యూషన్ మాన్పించి, రోజూ సాయంత్రం పాల్మాకుల మైదానానికి తెచ్చుకున్నాడు. మొదటి వారం నడకే. దసరా నాటికి ఒక చుట్టు ఆగకుండా ఉరికింది, అందరికన్నా వెనక. సర్కారు బడి ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. తన బిడ్డ ఆగకుండా పరుగెత్తడం తాను చూడడం ఇదే మొదటిసారని అప్పుడు తట్టింది మల్లేశ్వర్‌కు. విజిల్ ఊదడం కూడా మరిచి అట్లాగే నిలబడిపోయాడు.